పక్కింటి ఆట

"ఆదివారం మీరు రావాల్సిందే. కుదరదంటే ఒప్పుకునేది లేదు" అని దామోదర్ ఫోన్లో పట్టుపట్టాడు. హరనాథ్ రిసీవర్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఉన్ని టోపీకి ఊడిపోయిన కుచ్చును సూదీదారంతో కుట్టుకుంటున్నాడు. ముదురు నీలం మీద నారింజ చారలున్న ఆ టోపీ ఊళ్ళోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బేర్స్‌ది.

"కొత్త వీసీఆర్ కొన్నామండీ. డెవాన్ అవెన్యూ ఇండియన్ షాపుల్లో తెలుగు సినిమా క్యాసెట్లు దొరికాయి. జయంతి పెసరట్లు వేస్తానంటోంది. పన్నెండింటికల్లా వచ్చేయండి."

"ఆదివారం ఫైనల్ కదండీ."

"అదేం ఆటండీ బాబూ! ఇలా లేస్తారు, అలా ఒకళ్ళమీద ఒకళ్ళు గుట్టలా పడతారు. మా హాస్పిటల్లోనూ ఇదే గోల. ఆపరేషన్ సోమవారానికి పోస్ట్‌పోన్ చేయమని పేషెంట్లే అడుగుతున్నారు."

హరనాథ్ నవ్వాడు. "ఈ ఒక్కసారికి వదిలేయండి. పక్కింట్లో లెన్ దగ్గర చూస్తాం."

"పిలిచాడా?"

"పిలిచేదేముంది? ప్రతి ఆదివారం వెళ్ళేదేగా."

ఫోన్ పెట్టేశాక దారం పళ్ళతో తెంపి, టోపీని మోకాలి మీద తొడిగి చూసుకున్నాడు. కుచ్చు కొంచెం పక్కకి ఒరిగింది. సింక్ దగ్గర గిన్నెలు కడుగుతున్న విద్య వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"చూస్తాం అన్నారు. నేనెప్పుడు వెళ్ళాను అక్కడికి?"

"మాట వరసకన్నాలే. లేకపోతే మనిద్దర్నీ రమ్మని ప్రాణం తీస్తాడు."

విద్య నీళ్ళు కట్టేసి చేతులు తుడుచుకుంది.

లెన్ నొవాక్ రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరయిన మనిషి. భార్య పోయింది. డెబ్భై తొమ్మిది చలికాలంలో మంచులో కూరుకుపోయిన హరనాథ్ కారుని ఇద్దరూ కలిసి తవ్వి తీశారు. ఆ ఏడు ఆకులు రాలే కాలం వచ్చేసరికి హరనాథ్‌కి ఆదివారాలు మధ్యాహ్నం లెన్ ఇంటి బేస్‌మెంట్‌కి వెళ్ళడం అలవాటయింది. గరాజ్ పక్క తలుపు గడియ వేసి ఉండేది కాదు. మెట్లు దిగితే ఫర్నేస్ పక్కన రెండు కుర్చీలు. ఎడమది లెన్‌ది. చెయ్యి దగ్గర తోలు చిరిగితే టేపు వేసిన గోధుమరంగు కుర్చీ హరనాథ్‌ది. ఆట మొదలయ్యాక ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. బేర్స్ ఓడిపోతూ వచ్చిన ఏళ్ళన్నీ అలాగే చూశారు. ఆ ఓటముల్లో కూడా ముప్ఫైనాలుగో నంబరు వేసుకున్న ఆటగాడు ఒక్కడూ బంతి పట్టుకుని, నలుగురు మీద పడ్డా కాళ్ళు ఆడిస్తూ ఇంకో అడుగు ముందుకి వేసేవాడు. "చూశావా హ్యారీ?" అనేవాడు లెన్. "చూశాను" అనేవాడు హరనాథ్. అంతే సంభాషణ.

రెండు వారాల కిందట సెమీ ఫైనల్ చివర్లో బేర్స్ సొంత మైదానం సోల్జర్ ఫీల్డ్ మీద మంచు రాలడం మొదలైనప్పుడు, గెలుపు ఖాయమైపోయినప్పుడు, లెన్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. "ఇప్పుడా ముప్ఫైనాలుగుకి ఒక్కటే మిగిలింది. ఫైనల్లో బంతితో గోల్ గీత దాటాలి. నేనది చూడాలి" అన్నాడు.

హరనాథ్‌కి కూడా ఆ రెండు వారాలూ లోకంలో ఇంకో కోరిక లేదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లుతుంటే లెన్ పెద్ద కొడుకు టామ్ వచ్చాడు. మిల్వాకీలో ఉంటాడు. మనిషి పొడుగరి, నవ్వు మొహం.

"హాయ్ హ్యారీ! ఆదివారానికి మేమంతా దిగుతున్నాం. మా తమ్ముడు డెన్వర్ నుంచి వస్తున్నాడు. మా అత్తయ్యలు, కజిన్లు, ఫ్యామిలీ అంతా. నాన్న జీవితంలో ఇలాంటిది మళ్ళీ వస్తుందో రాదో."

"చాలా మంచి పని చేస్తున్నారు" అన్నాడు హరనాథ్. చేతిలో ఉప్పు డబ్బా అలాగే ఉంది.

"కార్లు పెట్టుకోడానికి చోటు చాలదు. మీ డ్రైవ్‌వే వాడుకోవచ్చా? నువ్వేమీ అనుకోవని నాన్న అన్నాడు. ఇంకో సంగతి, మీ దగ్గర మడత కుర్చీలు ఉన్నాయట కదా?"

తెలుగు అసోసియేషన్ కుర్చీలు హరనాథ్ గరాజ్‌లోనే ఉంటాయి. "ఎన్ని కావాలి?"

"ఎన్నుంటే అన్ని. యు ఆర్ ఎ లైఫ్‌సేవర్!" టామ్ అతని భుజం తట్టి, జాగ్రత్తగా అడుగులు వేస్తూ వెళ్ళిపోయాడు.

ఇంకేదో అంటాడని హరనాథ్ కాసేపు అక్కడే నుంచున్నాడు. టామ్ లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. హరనాథ్ చల్లినచోటే మళ్ళీ ఉప్పు చల్లాడు.

రాత్రి భోజనాల దగ్గర సంగతి చెప్పి, "కుర్చీలు కావాలన్నాడు" అని ఊరుకున్నాడు. కూతురు ఉష ఇంగ్లీషు పుస్తకం లోంచి తలెత్తింది. ఎనిమిదో తరగతి పిల్ల. తెలుగు పలుకుతుంది గానీ మాటల చివర్లు మింగేస్తుంది.

"సో? ఇట్స్ యువర్ చెయిర్స్, నానా. నువ్వు కూడా వెల్తావు కదా?"

"వాళ్ళ ఫ్యామిలీ అంతా వస్తున్నారమ్మా."

"జస్ట్ గో. నన్ను జెన్నిఫర్ వాళ్ళు పిలిచారు. నేను వెల్తున్నా."

"నిన్ను పిలిచారు కదా" అన్నాడు హరనాథ్. తర్వాత తనకే ఆ మాట చిన్నపిల్లాడి మాటలా అనిపించి, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

శనివారం పొద్దున కుర్చీలు తనే తీసుకెళ్ళాడు. గరాజ్‌లో వాటి మీద దుమ్ము పేరుకుని ఉంది. తడిగుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచి, మడతలు పడేచోట నూనె చుక్క వేసి, చేతికి రెండేసి చొప్పున మోశాడు. చలికి ఇనుము వేళ్ళకి అతుక్కుంటోంది. అలవాటు కొద్దీ పక్క తలుపు వైపు వెళ్ళబోతే, "ఇటు, ఇటు!" అని టామ్ భార్య ముందు గుమ్మంలోంచి పిలిచింది. బూట్లు విప్పి, వాళ్ళ హాల్లోంచి బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఇన్నేళ్ళలో ఆ హాలు చూడటం అదే మొదటిసారి.

లెన్ లేడు. రెండో కొడుకుని తీసుకురావడానికి ఓహేర్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాడట. బేస్‌మెంట్ గుర్తుపట్టేలా లేదు. సీలింగ్‌కి నీలం, నారింజ కాగితాలు వేలాడుతున్నాయి. ఎక్కడినుంచో అద్దెకి తెచ్చిన పెద్ద టీవీ గోడకి ఆనించి ఉంది. లెన్ కుర్చీ ముందు వరసలోకి జరిపారు. గోధుమరంగు కుర్చీ ఫర్నేస్ వెనక మూలకి వెళ్ళిపోయింది. దానిమీద కోట్లు కుప్పగా పడి ఉన్నాయి.

"అక్కడ పెట్టేయండి. మీకు శ్రమ ఇచ్చాం" అంది టామ్ భార్య, కాగితాలు కట్టడానికి ఎక్కిన నిచ్చెన మీదనుంచే. మంచి మనిషే. అతను ఎవరో ఆమెకి సరిగ్గా తెలిసినట్టు లేదు.

"పరవాలేదు" అన్నాడు హరనాథ్. మడతలు విప్పి, వెనకవాళ్ళకి ముందువాళ్ళ తలలు అడ్డురాకుండా కుర్చీలు వరసలుగా వేశాడు. ఒకటి కుంటుతుంటే కాలికింద అట్టముక్క మడిచి పెట్టాడు. పని అయిపోయాక నుంచుని చూశాడు. ఏ కుర్చీలోంచి చూసినా టీవీ బాగానే కనిపిస్తుంది.

ఇంటికొచ్చేసరికి విద్య శనగపిండి డబ్బా దించి పెట్టింది. "రేపు అక్కడికి పకోడీలు ఎందరికి వేయను? ఎప్పుడూ మీ ఇద్దరికేగా. ఈసారి ఎక్కువ పట్టుకెళ్ళాలేమో."

"వద్దులే."

"అదేం?"

"వాళ్ళింటి పండగ అది. వాళ్ళ పిల్లలు, మనవలు. మధ్యలో నేనెందుకు?"

విద్య అతని మొహంలోకి చూసింది. "ఇదివరకు ఎప్పుడైనా పిలిచాడా లెన్ మిమ్మల్ని?"

"ఇదివరకు వేరు. అప్పుడు ఇద్దరమే."

"అయితే దామోదర్ గారింటికి వెళ్దాం. జయంతి సంతోషిస్తుంది."

"పక్కింట్లో చూస్తామని చెప్పాను కదా! ఇప్పుడు ఫోన్ చేసి, వాళ్ళు పిలవలేదండీ, మీ ఇంటికొస్తాం అని చెప్పనా?" గొంతు అనుకున్నదానికంటే పైకి లేచింది. విద్య శనగపిండి డబ్బా మళ్ళీ అలమరలో పెట్టేసింది.

ఆదివారం పొద్దున ఎండ కాచింది గానీ ఒళ్ళు కొరికే చలి. హరనాథ్ పేపర్ తీసుకోడానికి బయటికి వస్తే, అటువైపు లెన్ కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతున్నాడు. బేర్స్ స్వెటర్ మీద పైన ఏమీ వేసుకోలేదు. హరనాథ్‌ని చూసి గీకుడుపుల్ల పైకెత్తాడు.

"బిగ్ డే, హ్యారీ!"

"బిగ్ డే!"

"ఫోర్ ట్వంటీ!" అని అరిచాడు లెన్. ఇంతలో లోపలినుంచి ఎవరో పిలిస్తే వస్తున్నానంటూ వెళ్ళిపోయాడు.

హరనాథ్ పేపర్ చంకలో పెట్టుకుని లోపలికొచ్చాడు. "లెన్ కనిపించాడు. ఫోర్ ట్వంటీ అన్నాడు."

"చూశారా! రమ్మన్నాడుగా."

"రమ్మనలేదు. ఆట మొదలయ్యే టైము చెప్పాడు."

"ఆ టైము మీకు తెలీదనా చెప్పింది? బొట్టు పెట్టి పిలవాలా ఏంటి మిమ్మల్ని?"

అతను పేపర్ విప్పుకున్నాడు. మధ్యాహ్నం ఉషని జెన్నిఫర్ ఇంటి దగ్గర దింపి వచ్చేసరికి తన డ్రైవ్‌వేలోనే తనకి చోటు లేదు. రెండు కార్లూ ఒక వ్యానూ ఉన్నాయి. కారు వీధిలో పెట్టి, అంచు మీద పేరుకున్న మంచుగుట్ట దాటుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. నాలుగింటికి టోపీ పెట్టుకున్నాడు. బూట్లు తొడుక్కున్నాడు. వంటింటి కిటికీ దగ్గర నుంచున్నాడు. అల్యూమినియం రేకు కప్పిన పళ్ళేలతో ఆడవాళ్ళు, సీసాల పెట్టెలతో మగవాళ్ళు పక్కింటి ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు. ప్రతిసారీ తలుపు తెరుచుకుని నవ్వులు బయటికొచ్చి, మళ్ళీ తలుపు మూసుకోగానే ఆగిపోతున్నాయి. ఎవరో ఒకరు ఇటు తిరిగి, కిటికీలో తనని చూసి, చెయ్యి ఊపుతారని అతను ఎదురుచూశాడు. లెన్ ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి ఎవరినో కౌగలించుకున్నాడు. ఇటు చూశాడా, చూడలేదా? ఎండ అద్దం మీద పడి తెలియలేదు.

నాలుగుంబావు దాటింది. హరనాథ్ బూట్లు విప్పి చాప మీద పక్కపక్కన పెట్టి, ఫ్యామిలీ రూమ్‌లోకి వెళ్ళి టీవీ పెట్టాడు.

వెనకాల విద్య ఇస్త్రీ బల్ల వేసుకుంది. వారానికి సరిపడా బట్టలు ఆదివారం మధ్యాహ్నమే ఆమె ఇస్త్రీ చేస్తుంది. ఆమె పనిచేసే ల్యాబ్‌లో తెల్ల కోట్లు మడత నలగకూడదు. నీళ్ళ తుంపర మీద ఇస్త్రీపెట్టె చుయ్యిమన్న చప్పుడు అతనికి కొత్తగా వినిపించింది. ఆ వేళప్పుడు అతనెప్పుడూ ఆ గదిలో లేడు.

ఆట మొదలైంది. రెండో ఎత్తులోనే ముప్ఫైనాలుగు చేతిలోంచి బంతి జారిపోయింది. అవతలివాళ్ళు దానిమీద పడ్డారు. "అయ్యో!" అని హరనాథ్ సగం లేచి, ఎడమ పక్కకి తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. బల్ల మీద పూలకుండీ ఉంది.

"ఏమైంది?" అంది విద్య.

"ఏం లేదు."

అవతలి జట్టుకి మూడు పాయింట్లొచ్చాయి. కాసేపటికి బేర్స్ లెక్క సరిచేశారు. ఆ తర్వాత వాళ్ళని ఆపేవాడు లేకపోయాడు. అవతలి జట్టు కదల్లేకపోతోంది. ప్రతి మంచి ఎత్తుకీ పక్కింట్లోంచి, మూసిన కిటికీల్లోంచి కూడా, హోరు వినిపిస్తోంది. గోడలూ మంచూ దాటి వచ్చేసరికి అది బావిలోంచి వచ్చిన కేకలా ఉంది. ఆ హోరులో లెన్ గొంతు ఏదా అని హరనాథ్ చెవి పెట్టి విన్నాడు. ఇన్నేళ్ళూ కలలుగన్న ఆట కళ్ళముందే జరుగుతోంది. అయినా అది ఎవరో విని వచ్చి తనకి చెబుతున్నట్టుంది.

సగం ఆట అయ్యేసరికి ఇరవై మూడు, మూడు. బ్యాండు మేళాలు మొదలయ్యాయి. హరనాథ్ టీవీ గొంతు తగ్గించాడు.

"ఏడేళ్ళు విద్యా" అన్నాడు ఉన్నట్టుండి. "ఏడేళ్ళు ఆ చల్లటి నేలమాళిగలో వాడితో కూర్చుని ఓడిపోయాను. గెలిచే రోజు వచ్చేసరికి కుర్చీలు పనికొచ్చాయి, డ్రైవ్‌వే పనికొచ్చింది. రా హ్యారీ, అని ఒక్క మాట అంటే ఏం పోయింది?"

విద్య కోటు కాలరు తిరగేసి దానిమీద ఇస్త్రీపెట్టె నడిపింది.

"ఏడేళ్ళు మీరు అటు వెళ్ళారు. నన్నొక్కసారి రమ్మన్నారా?"

ఆ మాటలో కోపం లేదు. కాలరు చివర మడత పోయిందా లేదా అని చూసుకుంటూ అంది.

"నీకు ఇష్టం లేదనుకున్నాను."

"అడిగితే కదా తెలిసేది." కోటు హ్యాంగర్‌కి తగిలించి బొత్తాం పెట్టింది. "మొదట్లో ఆ కిటికీ దగ్గర నుంచునేదాన్ని. ఉష నిద్రపోయేది. మీ ఇద్దరి కేకలు వినిపించేవి. ఏం జరిగిందో అనుకునేదాన్ని. మీరొచ్చి గెలిచాం అనేవాళ్ళు, లేకపోతే ఓడిపోయాం అనేవాళ్ళు. ఆ గెలిచాంలో నేనున్నానో లేదో తెలిసేది కాదు. కొన్నాళ్ళకి ఇస్త్రీ పెట్టుకున్నాను."

హరనాథ్ ఆమె వంక చూశాడు. ఇంకో కోటు తీసి బల్ల మీద పరుస్తోంది. వంటింట్లో ఫోన్ మోగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "దామోదరే" అన్నాడు హరనాథ్ గొంతు తగ్గించి, ఫోన్‌కి వినపడుతుందేమో అన్నట్టు. "సగం ఆట అయిందని తెలిసి ఉంటుంది. ఇంట్లో ఎందుకున్నారంటే ఏం చెప్పను?"

"ఎత్తకండి అయితే."

ఫోన్ చాలాసేపు మోగి ఆగిపోయింది. కాసేపాగి మళ్ళీ మోగింది. దొంగల్లా ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. అది ఆగాక విద్యకి నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. సోఫా మీద పరుచుకుని ఉన్న పేపర్ కాగితాలన్నీ అతను ఏరి, ఒకచోట పెట్టాడు.

"ఆ కోట్లు తర్వాత చేసుకోవచ్చు. వచ్చి కూర్చో."

ఆమె వెంటనే రాలేదు. ఇస్త్రీపెట్టె వైరు తీసి, నిలబెట్టి, చల్లారేదాకా ఉష పెంచుకునే పిల్లి దాని దగ్గరికి పోకుండా బల్ల గోడ వైపు జరిపింది. తర్వాత వచ్చి, కాళ్ళు మడుచుకుని సోఫా మీద కూర్చుంది.

"చెప్పండి. మనవాళ్ళు ఎటు వెళ్ళాలి?"

అతను చెప్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు. ఆ గీత దాటితే ఆరు. ఆమె అడ్డమైన ప్రశ్నలూ వేసింది, మంచి ప్రశ్నలూ వేసింది. ముప్ఫైనాలుగుని చూపించాడు. ఆమె చూపు ఇక అతన్ని వదల్లేదు.

"ఇప్పుడు ఆయన దగ్గర బంతి లేదు కదా?"

"లేదు."

"మరి ముగ్గురు ఆయన మీదే ఎందుకు పడ్డారు?"

"ఉందేమోనని. ఇన్నేళ్ళూ ఆయన దగ్గరే ఉండేది మరి."

"ఆ ముగ్గురూ ఇటొచ్చేశారు కాబట్టి అటువాడికి దారి దొరికింది" అంది విద్య. కిందపడిన ముప్ఫైనాలుగు లేచి, మోకాళ్ళు దులుపుకోకుండానే వరసలోకి వెళ్ళి నుంచోడం చూసి, "పాపం" అంది.

స్కోరు పెరుగుతూ పోయింది. ఒకసారి గీత దాకా వెళ్ళి, బంతి విసిరే కుర్రాడు తనే దూరి దాటేశాడు. హరనాథ్ పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాడు. మళ్ళీ గీతకి ఒక్క గజం దూరంలోకి వచ్చారు. గెలుపు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఎవరికిచ్చినా ఒకటే.

"ఇప్పుడిస్తారు" అన్నాడు హరనాథ్. "చూడు. ఇప్పుడాయనకిస్తారు."

విద్య చీర కొంగు గుప్పిట్లో పట్టుకుంది.

ఇవ్వలేదు. మూడొందల పౌండ్ల కొత్త కుర్రాడు, రిఫ్రిజిరేటర్ అని ఆ ఏడు దేశమంతా ముద్దుగా పిలుచుకుంటున్నవాడు, బంతి పుచ్చుకుని గోడ కూలినట్టు గీత అవతల పడ్డాడు. స్టేడియం ఊగిపోయింది. కుర్రాడు బంతిని నేలకేసి కొట్టాడు. పక్కింట్లోంచి ఆ సాయంత్రానికల్లా పెద్ద హోరు వచ్చింది. టీవీలో అందరూ అతన్ని కౌగలించుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో ఎక్కడో ఒక్క క్షణం ముప్ఫైనాలుగు వీపు కనిపించి మాయమైంది.

"అదేంటి!" అంది విద్య. "ఎందుకివ్వలేదు?"

హరనాథ్ దగ్గర ఒకే ఒక వాక్యం ఉంది. అది చెప్పుకోడానికి లోకంలో ఒక్కడే మనిషి ఉన్నాడు. ఆ మనిషి రెండు గోడల అవతల, నిండుగా జనం ఉన్న గదిలో ముందు వరసలో కూర్చుని ఉన్నాడు.

వంటింటి తలుపు దబదబా చప్పుడైంది.

తీస్తే లెన్. స్వెటర్‌తో, ఇంట్లో వేసుకునే చెప్పులతో, చీలమండల దాకా మంచుతో నుంచున్నాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"వాళ్ళతనికివ్వలేదు, హ్యారీ."

"ఇవ్వలేదు."

"మా ఇంట్లో అందరూ గెంతులేస్తున్నారు. డాన్స్ చేస్తున్నారు! మా టామ్‌తో అన్నాను, అతనికివ్వలేదురా అని. సో వాట్ డాడ్, నలభై నాలుగు, మూడు! అన్నాడు." లెన్ చెయ్యి గాల్లో ఊపి కింద పడేశాడు. "ఎవడికి చెప్పను?"

ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా నుంచున్నారు. జీవితంలో ఎన్నడూ లేనంత ఘనంగా వాళ్ళ జట్టు గెలుస్తోంది. ఇద్దరు నడివయసు దాటిన మగవాళ్ళు చావు ఇంట్లో నుంచున్నట్టు నుంచున్నారు.

"నువ్వెక్కడ చచ్చావు?" అన్నాడు లెన్ కాసేపటికి. "రెండుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో లేవేమో, ఎవరైనా ఇండియన్ ఫ్రెండ్స్ ఇంటికెళ్ళావేమో అనుకున్నాను. ఆ కోట్లన్నీ నేనే తీసి, నీ కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేశాను. మా చెల్లెలు రెండుసార్లు కూర్చోబోతే లేపాను."

"నువ్వు రమ్మనలేదు కదా, లెన్."

లెన్ అర్థం కానట్టు చూశాడు. "రమ్మనడమేంటి? నిన్నెప్పుడు రమ్మన్నాను? ఫోర్ ట్వంటీ అని చెప్పాను కదా!"

హరనాథ్ నవ్వలేకపోయాడు. రెండు రోజులుగా ఛాతీలో బిగుసుకుపోయినదేదో వదులైంది. అది వదులవగానే నొప్పి ఇంకా ఎక్కువైంది. ఆట ఇంకొక్క భాగమే మిగిలింది.

"పద. బూట్లు తొడుక్కో. చివరిదైనా చూద్దాం. ఇంకోసారి గీత దాకా వెళ్తే ఇస్తారేమో."

హరనాథ్ చెయ్యి దానంతటదే గోడకి తగిలించిన కోటు మీదకి వెళ్ళింది. కోటు తీశాడు. ఒక చెయ్యి దూర్చాడు. వంటింటి గుమ్మంలోంచి ఫ్యామిలీ రూమ్ కనిపిస్తోంది. విద్య ఇటు తిరగలేదు. ముందుకి వంగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి టీవీ చూస్తోంది. తలుపు చప్పుడూ, మాటలూ అన్నీ వినే ఉంటుంది. వింటున్నట్టు కనిపించకుండా కూర్చుంది.

"విద్యా" అన్నాడు. "లెన్ వచ్చాడు. మనిద్దర్నీ రమ్మంటున్నాడు."

ఆమె తల తిప్పి, లెన్‌కి హలో చెప్పి, నవ్వింది. తర్వాత తెలుగులో అంది. "అంతమంది కొత్తవాళ్ళలోకి ఈ నలిగిన చీరతో ఇప్పుడెక్కడొస్తాను? మీరు వెళ్ళండి. మీకు ఎంత మనసుందో నాకు తెలీదా? నేనేమీ అనుకోను, నిజంగా."

నిజంగానే అంది. అది అతనికి తెలుసు. వెళితే ఏమీ అనదు. ఇస్త్రీ బల్ల మళ్ళీ గోడ దగ్గరనుంచి జరుపుతుంది, అంతే.

హరనాథ్ దూర్చిన చెయ్యి బయటికి తీశాడు.

"లెన్, నేను నా భార్యతో చూస్తున్నాను. ఇవాళే మొదలుపెట్టాం. తనకి ఇంకా సగమే చెప్పాను."

లెన్ అతన్నీ, అతని భుజం మీదుగా లోపలున్న ఆమెనీ చూశాడు. పెళ్ళయి నలభయ్యేళ్ళు కాపురం చేసి, ఆ కుర్చీలు రెండూ మగవాళ్ళవే అనుకున్న మనిషి. "ఓకే" అన్నాడు నెమ్మదిగా. "ఓకే, హ్యారీ. మంచిది." చెప్పులకంటిన మంచు గుమ్మం మీద దులుపుకుని, "అతనికివ్వాల్సింది" అన్నాడు మళ్ళీ.

"ఇవ్వాల్సింది."

లెన్ చీకటి పడుతున్న మంచులో, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెళ్ళాడు. అతను గరాజ్ పక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా హరనాథ్ తలుపు దగ్గరే నుంచున్నాడు. ఆ మెట్లు, ఆ ఫర్నేస్ వెచ్చదనం, ముందు వరసలో ఖాళీగా ఉన్న ఆ కుర్చీ, అన్నీ కళ్ళకి కట్టాయి. చలిగాలి లోపలికి వస్తుంటే తలుపు వేసి, వచ్చి సోఫా మీద కూర్చున్నాడు.

విద్య కొంచెం జరిగి చోటిచ్చింది.

చివరి భాగంలో బేర్స్ మళ్ళీ గీత దాకా రాలేదు. అవతలివాళ్ళు ఒకసారి వచ్చారు, ఇంకోసారి వాళ్ళని వాళ్ళ గీత వెనకే పడేసినందుకు బేర్స్‌కి రెండు పాయింట్లు కలిశాయి. ఆట అయిపోయింది. నలభై ఆరు, పది. పక్కింట్లోంచి కేకలు మొదలై, కాసేపటికి వీధంతా కార్ల హారన్లు మోగాయి. టీవీలో కోచ్‌లని భుజాల మీద మోసుకెళ్తున్నారు. కెమెరాలు, మైకులు, చేతులు. చూపించినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు.

"మనవాడేడీ?" అంది విద్య.

హరనాథ్ ముందుకి వంగాడు. ఆమె కూడా వంగింది. నీలం చొక్కాల గుంపులో ఇద్దరూ నంబర్లు వెతికారు. ఒకసారి మూడు కనిపించింది గానీ, పక్కన ఉన్నది నాలుగు కాదు. ఎవరో అడ్డం వచ్చారు. తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

హరనాథ్ లేచి టీవీ కట్టేయబోయాడు.

"ఉండండి" అంది విద్య, స్క్రీన్ మీదనుంచి చూపు తిప్పకుండా. "చూపిస్తారేమో."

అతను వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.